అన్నయ్య పేరున్న గబ్బిలం

ఎలుక చెవుల గబ్బిలాన్ని ఎలా గుర్తుపడతారని ఎవరైనా అడిగితే నాకు ముందు ఒళ్ళు మండుతుంది. అడిగేవాళ్ళకు జవాబు రెండు ముక్కల్లో కావాలి. ఈ గుంపులో వందకు పైగా జాతులున్నాయి. దాదాపు అన్నిటికీ మట్టిరంగు బొచ్చే, అన్నిటికీ ఎలుక చెవుల్లా నిక్కిన చెవులే. చాలావాటికి ఒళ్ళు బొటనవేలంత. పక్కపక్కన పెడితే ఒకే ఇంట్లో పుట్టిన అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. తేడా ఎక్కడో ముంజేతి ఎముక దగ్గర, ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఉంటుంది. కాకపోతే పాదం సైజులోనో, చెవి లోపల నిలబడి ఉండే చిన్న రేకులోనో, భూతద్దం కింద తప్ప కనబడని ఒక పంటిలోనో ఉంటుంది. ఆ తేడాలు వెతికే పని నేను ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాను.

మా మ్యూజియంలో రెండో అంతస్తులో, వరండా చివర, మరుగుదొడ్డి పక్క గది నాది. దారి తప్పినవాళ్ళు తప్ప నా దగ్గరికి ఎవరూ రారు. పద్నాలుగు ఇనుప బీరువాలు, కిటికీ దగ్గర ఒక బల్ల, బల్ల మీద భూతద్దం, కొలతల పరికరాలు, గదినిండా కలరా ఉండల వాసన. గేటు దగ్గర కాపలావాళ్ళు నన్ను గబ్బిలాల మేడం అంటారట. నా ముందు అనరు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వాళ్ళకు తెలుసు.

ఎనిమిదో బీరువాలో ఎర్ర రిబ్బను కట్టిన అట్టపెట్టె ఒకటి ఉంది. కొత్త జాతికి పేరు పెట్టినప్పుడు, ఏ జంతువుల్ని చూసి ఆ పేరు పెట్టారో వాటిని శాశ్వతంగా దాచిపెట్టాలి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే మనం రాసిన వ్యాసాన్ని కాదు, వాటిని చూస్తారు. ఆ పెట్టెలో అలాంటివి అయిదున్నాయి. ఇరవై రెండేళ్ళ కిందట వాటిని చూసి పేరు పెట్టింది నేనే. పెట్టింది మా అన్నయ్య పేరు.

అన్నయ్య రైలు పట్టాల మీద పనిచేసేవాడు. సుత్తి భుజాన వేసుకుని రోజూ మైళ్ళకొద్దీ నడిచి, వదులైన బోల్టులు బిగించే పని. ఎనిమిదో తరగతితో బడి మానేసి ఆ పనిలో చేరాడు కాబట్టే నేను చదువుకోగలిగాను. ఆ మాట తను ఒక్కసారి కూడా అనలేదు. వదిన మాత్రం సందు దొరికినప్పుడల్లా అంటుంది. అనాల్సిందే కూడా.

కొత్త లైను పడ్డాక అన్నయ్య ఇంటికి అరమైలు దూరంలో ఉన్న పాత సొరంగం ఖాళీ అయింది. ఒక వేసవిలో అందులోంచి అయిదు గబ్బిలాల్ని, ఎండి అట్టకట్టినవాటిని, దూదిలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టి నాకు పోస్టులో పంపాడు. నేను కొలిచాను. ముంజేయి పొట్టి. బొచ్చు మట్టిరంగు కాదు, బూడిదరంగు. పై దవడలో ఉండాల్సిన గింజంత పన్ను లేదు. మూడు తేడాలు! ఒక్క తేడా దొరికితేనే వారం రోజులు నిద్రపట్టని పని మాది. పైగా అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు, ఏడాదికోసారి గండం గడిచినట్టుండేది. సొరంగం చూద్దామని చలికాలంలో సెలవు పెట్టి వెళ్తే అక్కడ ఒక్క గబ్బిలమూ కనబడలేదు. అరుదైన జాతి అని కూడా రాసేశాను.

వ్యాసం అచ్చయింది. ఉద్యోగం ఖాయమైంది. లోకంలో ఇంకెక్కడా లేని జాతి అని చెప్పి, సొరంగానికి ఇనుపచువ్వల తలుపు పెట్టారు. చువ్వల మధ్య గబ్బిలం దూరేంత సందు, మనిషి దూరలేనంత సందు. తాళంచెవి అన్నయ్య చేతికిచ్చారు. రిటైరయ్యాక ఆ తలుపే తన ఉద్యోగం. ఏటా వేసవిలో రెండు సాయంత్రాలు అక్కడ కూర్చుని, బయటికి వచ్చే గబ్బిలాల్ని లెక్కపెట్టి నాకు కార్డు రాస్తాడు. కనబడ్డవాళ్ళందరితోనూ ఒకటే మాట, "అందరి పేరూ ఒక మనవడికో మనవరాలికో పెడతారు. నా పేరు ఏకంగా ఒక జాతికంతా ఉంది" అని. అన్నయ్యకు పిల్లల్లేరు.

ఈ ఏడు వేసవి మొదట్లో మా డైరెక్టరు గారు ఒక ఉత్తరం పట్టుకుని పైకొచ్చారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఆయన మెట్లెక్కారంటేనే ఏదో ముంచుకొచ్చిందని అర్థం. నీటి సరఫరా శాఖ వాళ్ళు ఆ సొరంగం గుండా పెద్ద పైపు వేయాలనుకుంటున్నారు. అడ్డంగా ఉన్నది మా జాతి. అది నిజంగా ప్రత్యేకమైన జాతేనా, ఆధారాలేమిటి, మూడు వారాల్లో విచారణ ఉంది, కొలతలతో పాటు ఎముకల ఎక్స్‌రేలు కూడా జతచేసి పంపండి అని ఉత్తరం.

"ఇందులో ఏముందమ్మా, పంపించేద్దాం" అన్నారు డైరెక్టరు గారు.

నేనూ అదే అనుకున్నాను.

మా దగ్గర ఎక్స్‌రే యంత్రం లేదు. పశువుల ఆసుపత్రి మాత్రం మ్యూజియం వెనక వీధిలోనే ఉంది. మర్నాడు పొద్దున్నే అక్కడ బెంచీ మీద వరసలో కూర్చున్నాను. కాలికి కట్టుతో ఒక కుక్క, బుట్టలో ముడుచుకున్న ఒక పిల్లి, వాటి యజమానులు, మధ్యలో ఒళ్ళో అట్టపెట్టెతో నేను. పక్కనున్నావిడ పెట్టెలోకి తొంగిచూడబోయి, "మీదానికేమైందండీ?" అని అడిగింది. "చచ్చిపోయి ఇరవై రెండేళ్ళయిందండీ" అన్నాను. ఆవిడ లేచి అవతలి బెంచీకి వెళ్ళిపోయింది.

డాక్టరు గారు పొట్టిచేతుల చొక్కా వేసుకున్న భారీ మనిషి. అయిదింటినీ వరసగా పడుకోబెట్టి ఎక్స్‌రే తీసి, బొమ్మను తెర మీద పెద్దది చేసి చూస్తూ, "పిల్లలా?" అన్నారు.

"ఏవి?"

"ఇవేనండీ. నెల కూడా నిండినట్టు లేవు."

"కాదండీ. పెద్దవే. జాతే చిన్నది" అన్నాను కాస్త గట్టిగా.

ఆయన నాతో వాదించలేదు. పెన్ను కొసతో తెర మీద చూపించారు. "ఇదిగో, వేలి కణుపు దగ్గర చూడండి. ఎముక చివర విడిగా ఉంది, మధ్యలో నల్ల గీత. ఎదుగుతున్న ఎముకకే అది ఉంటుంది. ఎదుగుదల ఆగిపోతే మూసుకుపోతుంది. గబ్బిలాల సంగతి నాకు తెలీదు గానీ మేడం, కుక్కపిల్లకైనా దూడకైనా అంతే కదా."

అయిదింటికీ ఉంది ఆ గీత. ప్రతి రెక్కలో, ప్రతి వేలికీ ఉంది.

నాకు తల తీసేసినట్టయింది. శిక్షణకు వచ్చేవాళ్ళకు ఏటా మొదటిరోజు నేను చెప్పే మొదటి పాఠం అదే. గబ్బిలం చేతికి దొరకగానే రెక్క విప్పి వెలుతురుకు అడ్డం పెట్టండి, కణుపు గుండ్రంగా ముడిలా ఉంటే పెద్దది, పొడుగ్గా ఉండి లోపల్నుంచి వెలుతురు కనబడితే పిల్ల, అది తేల్చకుండా కొలత ముట్టుకోవద్దు, ముట్టుకుంటే వేళ్ళు విరగ్గొడతాను అని బెదిరిస్తాను కూడా. ముడుచుకుని ఎండిపోయిన రెక్కల్ని విప్పితే విరిగిపోతాయని నేను ఆ ఒక్క పనీ వదిలేశాను. పొట్టి ముంజేయి ఇంకా ఎదగని ముంజేయి. బూడిదరంగు బొచ్చు పసితనపు బొచ్చు. లేని పన్ను ఇంకా మొలవని పన్ను. కొత్త జాతి లక్షణాలంటూ నేను అచ్చువేయించిన మూడూ చంటిపిల్లల లక్షణాలు.

అవి ఏ జాతివో ఆ మధ్యాహ్నానికే తేలిపోయింది. మూడో బీరువాలో వందల కొద్దీ ఉన్న మామూలు రకం. ఎక్కడపడితే అక్కడ ఉండేది.

డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అమ్మా, నేను అబద్ధం రాయమనడం లేదు. యంత్రం దొరకలేదని రాద్దాం, పాత కొలతలే పంపుదాం. మీరు రిటైరవడానికి రెండేళ్ళుంది. ఆ తర్వాత ఎవరో చూసుకుంటారు. జాతి లేదన్నామంటే తలుపు పీకేస్తారు, గబ్బిలాలూ పోతాయి. పోనీ వాటి మంచికోసమేననుకోండి."

ఆయన మీద విరుచుకుపడదామనుకున్నాను. కానీ ఏ మొహం పెట్టుకుని? సరిగ్గా ఆ మాటలే నేను ఆసుపత్రి నుంచి నడిచి వస్తూ నాకు నేను చెప్పుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే లోకం చూడదా? ఇవాళ కాకపోతే రేపు ఇంకెవరో ఆ పెట్టె తెరుస్తారు, అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. అప్పుడు సొరంగం గురించి మేము ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. ఇదంతా నాకు తెలుసు. విచారణలో తలవంచుకోవడం కూడా నాకు పెద్ద భయమనిపించలేదు. భయమంతా అన్నయ్యకు చెప్పడం గురించే.

ఆదివారం బస్సెక్కాను. దారి పొడుగునా నాలుగు వాక్యాలు అల్లుకుని పెట్టుకున్నాను.

తలుపు తీసింది వదిన. "రండి ఆడపడుచు గారూ, ఏంటి దారి తప్పారు? చలికాలం ఇంకా రాలేదే!" అంది. ఆవిడ నోటికి తాళం వేసేవాళ్ళు ఇంకా పుట్టలేదు. అన్నయ్య పెరటి గట్టు మీద కూర్చుని టార్చిలైటు విప్పి బ్యాటరీలు తుడుస్తున్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది. నేను పక్కన కూర్చున్నాను. అల్లుకున్న నాలుగు వాక్యాల్లో ఒక్కటీ రాలేదు. ఉన్నదున్నట్టు కక్కేశాను.

"అన్నయ్యా, నువ్వు పంపించావే, ఆ అయిదు... అవి పెద్దవి కావు. పిల్లలు."

"పిల్లలే కదా" అన్నాడు, బ్యాటరీ తుడుస్తూనే.

"ఏంటి?"

"కిందపడ్డ పిల్లలు. తల్లి బయటికెళ్ళినప్పుడు కప్పు పట్టుకోలేక జారిపడతాయి కొన్ని. ఆ ఏడు ఎండలు మరీ ఎక్కువ, రోజుకొకటి పడేది. పారేయడమెందుకు, నీకేమైనా పనికొస్తాయేమోనని పంపించా."

"నీకు తెలుసా? ఇరవై రెండేళ్ళుగా నీకు తెలుసా?" నా గొంతు వీధిలోకి వినబడేంత లేచింది. "మరి నాకు చెప్పవేం?"

"నువ్వు అడిగావా?" అన్నాడు అన్నయ్య. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. "అయినా నీకు తెలీదని నాకేం తెలుసే? అంత చదువు చదివావు, పిల్లని చూసే జాతి చెప్పేయగలవనుకున్నా."

గుమ్మంలో నిలబడ్డ వదిన కిసుక్కున నవ్వింది. నా మొహం చూసి నవ్వాపుకుంది.

అప్పుడు మొత్తం చెప్పాను. అలాంటి జాతే లేదని, ఆ పేరు కొట్టేయాలని, కొట్టేస్తూ రాయాల్సింది కూడా నేనేనని. అన్నయ్య బ్యాటరీలు టార్చిలో వేసి మూత బిగించాడు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు.

"అంటే నా పేరు పోతుందన్నమాట."

"పోతుంది."

నాకు ఏడుపు ఆగలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, చిన్నప్పుడు పలక పగలగొట్టుకుని వచ్చి ఏడ్చినట్టే అన్నయ్య ముందు కూర్చుని ఏడ్చాను. తనకు నేను ఇచ్చింది జీవితంలో అదొక్కటే. అదీ తప్పుడు సరుకు.

అన్నయ్య నన్ను ఊరుకోబెట్టలేదు. తను ఎప్పుడూ అంతే, ఏడవనిస్తాడు. కాసేపయ్యాక మాత్రం, "మరి తలుపో?" అన్నాడు.

"జాతి లేకపోతే తలుపెందుకుంచుతారు?"

ఆ మాటకు మొహం మారిపోయింది. అంతసేపూ లేని భయం కళ్ళలో కనబడింది. "పేరు పోతే పోయిందే. తలుపు పోతే ఎలా? పైపులూ లారీలూ లోపలికెళ్తే ఆ తల్లులు ఎక్కడికెళ్తాయి?" అని లేచాడు. "పద. ఇవాళ లెక్క ఉంది. ఇన్నేళ్ళకి ఒక్కసారి రావాల్సిన రోజుల్లో వచ్చావు, కళ్ళతో చూసి పో."

సూర్యుడు గుట్ట వెనక్కి దిగుతుండగా సొరంగం ముందు రెండు రాళ్ళ మీద కూర్చున్నాం. అన్నయ్య కుడిజేబు నిండా గులకరాళ్ళు. పది గబ్బిలాలు బయటికి వస్తే ఒక రాయి కుడిజేబులోంచి ఎడమజేబులోకి. వెళ్ళింది తిరిగి లోపలికొస్తే ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటి ముడుస్తాడు, ఆఖరున వాటిని తీసేస్తాడు. వెలుతురు తగ్గేకొద్దీ చువ్వల మధ్య నుంచి ఒకటి, రెండు, తర్వాత గుప్పెళ్ళతో విసిరినట్టు వచ్చాయి. అన్నయ్య పెదాలు కదులుతున్నాయి, రెప్ప వేయడం లేదు. రాక ఆగిపోయాక ఎడమజేబులో రాళ్ళు లెక్కపెట్టి, ముడిచిన వేళ్ళు తీసేసి, "మూడొందల పదహారు" అన్నాడు.

తర్వాత తాళం తీశాడు. టార్చికి ఎర్రగుడ్డ కట్టి, నోటి మీద వేలు పెట్టి, నన్ను పాతికడుగులు లోపలికి తీసుకెళ్ళి వెలుతురు పైకెత్తాడు.

కప్పు రాళ్ళ సందులో దుప్పటి పరిచినట్టు పిల్లలు. ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని, వెచ్చగా, వందలు. పొట్టి ముంజేతులు, బూడిదరంగు బొచ్చు, ఒంటికి మించిన ఎలుక చెవులు. ఒకటి ఆవలించింది. నేను వర్ణించిన జాతి అక్షరం పొల్లుపోకుండా అక్కడ వేలాడుతోంది, ఇంకో నెలలో మాయమైపోవడానికి సిద్ధంగా. నాకు నవ్వొచ్చింది, ముద్దూ వచ్చింది. ఒక్క నిమిషం చూసి బయటికి వచ్చేశాం.

"నెలాగి వస్తే ఆరొందల దాకా లెక్కపెట్టొచ్చు" అన్నాడు అన్నయ్య తాళం వేస్తూ.

"అదేం?"

"అదేమేంటి? అప్పటికి ఇవి కూడా ఎగురుతాయిగా. తల్లికొక పిల్ల. కొన్ని దక్కవనుకో, అయినా ఇంచుమించు రెట్టింపు."

"ప్రతి ఏడూనా?"

"ప్రతి ఏడూ. కార్డులు రాశా కదే నీకు, ముందొకటి, నెల తర్వాత ఒకటి."

రాశాడు. ఇరవై ఒక్క వేసవులు, నలభై రెండు కార్డులు. ఒకే సొరంగానికి ఒకసారి మూడు వందలు, నెలకే ఆరు వందలు అని ఉంటే, మసకచీకట్లో లెక్క తప్పుతోంది పాపం అనుకున్నాను. రెండూ కూడి సగం చేసి, సుమారు నాలుగు వందల యాభై అని రిజిస్టర్లో ఎక్కించాను. ఏటా అదే పని. లెక్క ఎప్పుడూ తప్పని మనిషి లెక్కను, చదువుకున్న నేను కూర్చుని ఇరవై ఒక్కసార్లు పాడుచేశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆధారమంతా నా సొరుగులోనే ఉంది.

ఈ గబ్బిలాలు ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. కనడానికి ఎక్కడపడితే అక్కడికి పోవు. వెచ్చగా, పొడిగా, ఎవరూ కదిలించని చోటు కావాలి. చుట్టూ ఎంతో దూరం నుంచి తల్లులన్నీ వేసవికి అక్కడికే చేరతాయి. ఆ ఒక్క చోటు చెదిరిందంటే నాలుగైదేళ్ళలో ఆ చుట్టుపక్కల ఆ జాతే కనబడకుండా పోతుంది. నేను చలికాలంలో వెళ్ళి ఎవరూ లేరని రాసింది ఖాళీ పురిటిల్లు చూసి.

"అన్నయ్యా, ఆ కార్డుల్లో ఉన్నవన్నీ నీ దగ్గర కూడా రాసి ఉన్నాయా?"

"ఎందుకుండవు? రోజు, వేళ, గాలి, వాన, అన్నీ. రెండు నోటుబుక్కులు."

"చొక్కా ఇస్త్రీ చేయించుకో. నువ్వు నాతో విచారణకి వస్తున్నావు."

విచారణ ఒక పొడుగాటి గదిలో జరిగింది. బల్లకు ఆ చివర అధికారిణి, ఈ పక్క నీటి శాఖ ఇంజినీరు, ఆ పక్క మా డైరెక్టరు గారు, నేను, సంచి ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయి అన్నయ్య. నేను లేచి మొదటి మాటే, "ఇరవై రెండేళ్ళ కిందట నేను తప్పు చేశాను. అలాంటి జాతి లేదు" అన్నాను. ఎక్స్‌రేలు బల్ల మీద పరిచి, ఆ నల్ల గీతలు చూపించి, ఎక్కడెక్కడ తప్పానో ఒక్కటీ దాచకుండా చెప్పాను. డైరెక్టరు గారు కప్పు వంక చూస్తూ కూర్చున్నారు. చెప్పడం మొదలుపెట్టేదాకానే భయం. తర్వాత, బిగుసుకున్న బూట్లు విప్పినంత హాయిగా ఉంది.

"అయితే మామూలు గబ్బిలాలేనన్నమాట" అన్నాడు ఇంజినీరు. కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంక పైపు వేసుకోవచ్చుగా?"

"గబ్బిలం మామూలుదే. చోటు మామూలుది కాదు" అని, అది తల్లుల పురిటిల్లని వివరించి, నోటుబుక్కులు ఆయన ముందుకు తోశాను.

ఇంజినీరు పేజీలు తిప్పాడు. నమ్మలేదు. అన్నయ్య వైపు తిరిగి, "వెళ్ళినవే మళ్ళీ లోపలికొచ్చి మళ్ళీ వెళ్తే? రెండుసార్లు లెక్కపడదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న.

"వచ్చినవి తీసేస్తా సార్" అని అన్నయ్య లేచి నిలబడి, జేబులు, గులకరాళ్ళు, ముడిచే వేళ్ళు, అంతా చేసి చూపించాడు. "వాన పడ్డ రోజు లెక్క పెట్టను. అవి సరిగా రావు. మర్నాడు పెడతా. అది కూడా రాశా, చూడండి."

ఇంజినీరు ముందుకు జరిగాడు. జేబులోంచి కాలిక్యులేటరు తీసి, రెండో లెక్కను మొదటి లెక్కతో భాగిస్తూ పోయాడు. ఎనిమిదేళ్ళు చేశాక ఆగి, "ఒకటి పాయింటు ఎనభై అయిదు, ఎనభై తొమ్మిది, ఎనభై ఏడు... ప్రతి ఏడూ దగ్గర దగ్గర ఒకటే వస్తోంది" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. అంకెలు చూస్తే మెత్తబడే మనుషులుంటారు, అదృష్టవశాత్తు ఈయన ఆ జాతి. "సరే, పెద్దాయనా. అసలు అవి ఎప్పుడు ఉండవు?"

"చలికాలం నాలుగు నెలలూ ఒక్కటి ఉండదు సార్. కావాలంటే మా చెల్లెల్ని అడగండి, వచ్చి చూసుకుంది."

గదంతా నవ్వింది. నేను కూడా నవ్వక తప్పలేదు.

ఆ తర్వాత పని సులువైంది. పైపు నేల మీద వేస్తారు, కప్పు ముట్టుకోరు, పనంతా చలికాలంలోనే, తొలి తల్లి వచ్చేలోపు మనుషులు బయటికి. అది ఎప్పుడో చెప్పాల్సింది అన్నయ్య. ఇనుప తలుపు ఉన్నచోటే ఉంటుంది. అధికారిణి ఉత్తర్వు చెబుతుంటే పక్కన గుమాస్తా టైపు చేశాడు. ఇకముందు కూడా ఏటా రెండు లెక్కలూ విడివిడిగా పంపాలని ఆవిడే కలిపింది. చివరికి కాగితం తన ముందుకు లాక్కుని, పెన్ను తీసి, "లెక్క పెట్టేవారు, తాళంచెవి బాధ్యులు, ఇక్కడ మీ పేరుండాలి. చెప్పండి" అంది.

అన్నయ్య చెప్పాడు.

ఆవిడ పెన్ను ఆపి, ఎక్స్‌రేల పక్కనున్న నా పాత వ్యాసం వైపు చూసింది. "ఆ గబ్బిలం పేరు కూడా ఇదేగా? ఇప్పుడే కొట్టేశామే."

"అది మా చెల్లెలు పెట్టిందమ్మా. తప్పని తెలిసి తనే తీసేసింది" అన్నాడు అన్నయ్య. "ఇది మా అమ్మ పెట్టింది. దీన్నెవరూ కొట్టేయరు, రాసుకోండి."

ఆవిడ నవ్వి, ఇంటిపేరు కూడా అడిగి, రాసుకుంది.